తద్దినాల సదాశివరావు

సదాశివరావుకి పిల్లల్లేరు. అయినా ఏడాదికి పద్దెనిమిది మంది కొడుకులు ఆయన కాళ్ళు కడుగుతారు. ద్వారకలో ముగ్గురు, నోయిడాలో నలుగురు, గురుగ్రామ్‌లో ఏకంగా ఏడుగురు, మిగిలినవాళ్ళు అక్కడక్కడా. వాళ్ళు కడిగే కాళ్ళు ఆయనవే గానీ, కడిగేది మాత్రం ఆయన కోసం కాదు.

తద్దినం నాడు ఒక బ్రాహ్మణ్ణి పిలిచి, పోయిన తండ్రి స్థానంలో పీట మీద కూచోబెట్టి భోజనం పెడతారు. ఆ కూచున్నాయన్ని భోక్త అంటారు. ఆ పూటకి పోయినాయన ఆయనే. ఆంధ్రాలో అయితే వీధికొకరు దొరుకుతారేమో గానీ, ఢిల్లీలో తెలుగు భోక్త దొరకడమంటే మే నెలలో తత్కాల్ టికెట్ దొరికినంత పని. అందుకే ఫరీదాబాద్‌లో రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండే సదాశివరావుకి అంత గిరాకీ.

ఆయన పుట్టుకతో ఈ పనిలో ఉన్నవాడు కాదు. తెనాలి నుంచి ఇరవై నాలుగో ఏట గుమాస్తాగా వచ్చి, కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్ళ మీద ఫైళ్ళు దాటించి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. రిటైరైన ఏడాదికి భార్య సరోజిని పోయింది. ఆవిడ కర్మ చేయించడానికి వచ్చిన అవధాని గారు, ఆ తరవాత రెండు నెలలకి ఫోన్ చేసి, నోయిడాలో ఒకరింట్లో భోక్తగా కూచుంటారా అని అడిగాడు. సదాశివరావుకి ఒళ్ళు మండింది.

"నేను గెజిటెడ్ ఆఫీసర్‌గా రిటైరయ్యానండీ" అన్నాడు.

"పోయినవాళ్ళకి గ్రేడ్ పే పట్టింపు ఉండదండీ" అన్నాడు అవధాని.

"భార్య లేనివాణ్ణి. శాస్త్రం ప్రకారం పనికొస్తానా?"

"శాస్త్రం ప్రకారం రారు. మెట్రో లైను ప్రకారం వస్తారు."

వెళ్ళాడు. రెండు నెలలుగా బ్రెడ్డూ పెరుగన్నమూ తిన్న నాలిక మీద వేడి గారె, దాని మీద అల్లం పచ్చడి పడేసరికి సదాశివరావుకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ఇంటి కొడుకు అది చూసి, తన తండ్రే వచ్చాడనుకుని, తనూ కళ్ళు తుడుచుకున్నాడు. సదాశివరావుకి సిగ్గేసింది గానీ, రెండో గారె వద్దనలేదు. తిండి కోసం వెళ్ళాడా అంటే వెళ్ళాడు. ఆ మాట ఒప్పుకోడానికి ఆయనకి ఏనాడూ మొహమాటం లేదు. ఒప్పుకోని మాట ఇంకోటి ఉంది. తను తింటుంటే ఎదురుగా నిలబడి ఎవరో ఒకరు చూస్తారు. దాని కోసం కూడా వెళ్ళేవాడు.

ఈ పనిలో నియమాలు తక్కువేమీ కాదు. ముందు రోజు రాత్రి పస్తుండాలి. తినేటప్పుడు మాట్లాడకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా వంట బాగుందనకూడదు, బాగాలేదనీ అనకూడదు. భోక్త రుచి గురించి నోరు విప్పకుండా ఉన్నంతసేపే పితృదేవతలు తింటారని అవధాని మొదటి రోజే చెప్పాడు. చివర్లో తృప్తి అయిందా అని సంస్కృతంలో అడుగుతారు. అయిందని సంస్కృతంలోనే చెప్పాలి. కాలేదని చెప్పడానికి మంత్రం లేదు.

మాట్లాడటానికి వీల్లేనప్పుడు మనిషి చూడటం నేర్చుకుంటాడు. పదేళ్ళలో సదాశివరావు చాలా చూశాడు. తండ్రి బతికుండగా ఏడాదికొక్కసారి ఫోన్ చేసిన కొడుకే నెయ్యి ఎక్కువ వడ్డిస్తాడు. మంచాన పడ్డ తండ్రికి మూడేళ్ళు మందులు పట్టినవాడు మామూలుగా వడ్డించి, మామూలుగా దణ్ణం పెట్టి, పన్నెండింటికి ఆఫీసు మీటింగుందని లేస్తాడు. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్ళల్లో పరమాన్నం రెండు గిన్నెల్లో రెండు చోట్ల నుంచి వస్తుంది, భోక్త రెండూ తినాలి. వసంత్‌కుంజ్‌లో ఒకాయన తండ్రికి కాకరకాయ కూర ఇష్టమని ఏటా దోసెడు పెడతాడు. సదాశివరావుకి కాకరకాయ చిన్నప్పట్నుంచీ గిట్టదు. అక్కడ మింగుతున్నప్పుడల్లా, ఆ పోయినాయనకి కూడా గిట్టేది కాదేమో, ఇంట్లోవాళ్ళకి చెప్పలేక ముప్ఫై ఏళ్ళు తిన్నాడేమో అని అనుమానం వచ్చేది. ముసలితనంలో మనిషి ఇష్టాలు అతను చెప్పినవి కావు, ఇంట్లోవాళ్ళు ఖాయం చేసినవి.

ఇదంతా ఒక ఎత్తు. ఇంకో ఎత్తు, దీనికి తప్ప ఆయన్ని ఇంకెందుకూ ఎవరూ పిలవరు.

పెళ్ళికి పిలవరు, సత్యనారాయణ వ్రతానికి పిలవరు, పిల్లవాడి పుట్టినరోజుకి పిలవరు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తద్దినం పీట మీద చూసిన మొహం శుభకార్యంలో కనిపిస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. ఒక ఉగాదికి తెలుగు సంఘం వాళ్ళ పచ్చడికి వెళ్ళాడు. కిందటి నెలలోనే ఆయన ముందు విస్తరి వేసి వంగి దణ్ణం పెట్టిన ఇల్లాలు, కొత్త కోడలి భుజం పట్టుకుని అవతలి వరసలోకి తీసుకుపోయింది. సదాశివరావు పచ్చడి తాగేసి, గ్లాసు చెత్తబుట్టలో వేసి, కార్యక్రమం మొదలవకుండానే వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు.

ఒకసారి గురుగ్రామ్‌లో రఘువీర్ అనే అతని ఇంటికి దారి తప్పి ఫోన్ చేసుకుంటూ గేటు దాకా వస్తే, ఎదురొచ్చిన రఘువీర్ చేతిలో ఫోన్ ఇంకా మోగుతోంది. తెర మీద 'భోక్త ఫరీదాబాద్' అని ఉంది. పేరు లేదు. అందులో కోపగించుకోడానికేముంది? తన ఫోన్‌లో మాత్రం రఘువీర్ పేరుందా? 'మార్గశిర బహుళ పంచమి, గురుగ్రామ్' అని ఉంది.

ఆ రఘువీర్ ఇంటికి ఎనిమిదేళ్ళుగా వెళ్తున్నాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. భార్య వైశాలిదీ ఉద్యోగమే. మొదటి ఏడు వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మాయి అనూహ్యకి ఏడేళ్ళు. ఇవాళ తాతగారు వచ్చి భోంచేస్తారని ఎవరో ఆ పిల్లకి చెప్పారు. పిల్ల బడి మానేసి, విస్తరి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుని, ఆయన నాలుగు ముద్దలు తిన్నాక అడిగింది.

"ఆప్ మర్ గయే హో క్యా?"

మీరు చచ్చిపోయారా అని. భోక్త మాట్లాడకూడదు. సదాశివరావు ఆ పిల్ల మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపాలో నిలువుగా ఊపాలో తెలియక, పప్పన్నం కలుపుకున్నాడు. వైశాలి వచ్చి పిల్లని ఎత్తుకుపోయింది. ఇంటికొచ్చి చాలాసేపు నవ్వుకున్నాడు. పక్కన ఎవరైనా ఉంటే చెప్పుకుని నవ్వాల్సినంత విషయం అది.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. రఘువీర్ తల్లి ఛాయాదేవి. తద్దినం వంటంతా ఆవిడదే, కాకినాడ వంట. ఆవిడ చేసే నల్లేరు పచ్చడి కోసం సదాశివరావు మార్గశిరం ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. మనిషిని మాత్రం సరిగా చూసింది లేదు. వంటింటి తలుపు ఓరగా ఉండేది, దాని వెనక తెల్లటి చీర అంచు కనిపించేది, అంతే. తన భర్త స్థానంలో కూచున్న పరాయి మగవాడి ఎదటికి ఏమని వస్తుంది పాపం అనుకునేవాడు.

కిందటి మాఘమాసంలో రఘువీర్ నుంచి వాట్సాప్ వచ్చింది. కొత్త ఫ్లాట్ కొన్నారు, పదిహేడో అంతస్తు, ఆదివారం గృహప్రవేశం. కింద బంగారు రంగు అక్షరాల్లో 'మీ రాక మాకు ఆశీర్వాదం' అని ఉంది.

సదాశివరావు ఆ కాగితాన్ని, అంటే ఆ తెరని, ముప్ఫై ఆరేళ్ళ ఆఫీసు అనుభవంతో పరిశీలించాడు. పైన పేరు లేదు. పేరు లేని కాగితం అందరికీ పంపిందై ఉంటుంది. అందరికీ పంపిన కాగితం ఎవరికీ పంపనట్టే, అది ఆయన సర్వీసులో మొదటి ఏడాదిలోనే తెలుసుకున్న సంగతి. ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఒక్క వేలితో కొట్టేసి ఉంటాడు. తన నంబరు ఆ గుంపులో పడి వచ్చి ఉంటుంది. పైగా గృహప్రవేశం! కొత్తింట్లోకి భోక్త అడుగుపెట్టడమేమిటి?

అంతవరకూ బాగానే ఆలోచించాడు. ఆ తరవాత ఆలోచన గతి తప్పింది. పొరపాటున వచ్చిందని ఎలా చెప్పగలం? ఎనిమిదేళ్ళ పరిచయం. తన పేరు జాబితాలోంచి తీసెయ్యాలనుకుంటే తీసెయ్యలేడా? ఆఫీసులో కాగితాలు రెండు రకాలు, ఒకటి సమాచారం కోసం, రెండోది తగు చర్య కోసం. ఇది ఏ రకమో పంపినవాణ్ణి అడిగితే తెలుస్తుంది. అవధానిని అడిగినా తెలుస్తుంది. సదాశివరావు ఇద్దర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారని ఆయనకి తెలుసు. ఒక్కసారి, ఒక్క ఇంటికి, తన పేరుతో తను వెళ్ళాలని ఉంది. డెబ్భై ఒకటో ఏట మనిషికి ఇంత చిన్న కోరిక ఉండటం సిగ్గుచేటని తనని తనే తిట్టుకుని, శనివారం సాయంత్రం బజారుకెళ్ళి గోడ గడియారం కొన్నాడు. సర్కారీ నౌకరీ చేసినవాడికి బహుమతి అంటే గోడ గడియారమే.

ఆ రాత్రి అన్నం వండుకోలేదు. పొద్దున లేచి మొహం కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, ఇవాళ వెళ్తున్నది తద్దినానికి కాదు కదా, పస్తెందుకున్నాను అని. అలవాటు.

ముహూర్తం ఎనిమిదింటికి. సదాశివరావు కావాలనే ఆలస్యంగా బయల్దేరాడు. పూజా, పాలు పొంగించడమూ అయిపోయాక, అందరూ భోజనాల హడావిడిలో ఉండగా వెళ్తే ఎవరి మనసుకీ కష్టం కలగదని లెక్కేసుకున్నాడు. ఫరీదాబాద్‌లో ఎక్కి, సెంట్రల్ సెక్రటేరియట్‌లో మారి, గురుగ్రామ్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని చేరేసరికి పన్నెండున్నర దాటింది.

తలుపు రఘువీరే తీశాడు. పట్టుపంచె, నుదుటి మీద కుంకం. సదాశివరావుని చూడగానే అతని మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ దానికింద ఏదో వెతుక్కుంటున్నట్టు అయిపోయాడు. ఇవాళ తిథేమిటి అన్నట్టు.

"రండి రండి, సదాశివరావు గారూ... ఏంటి, ఇలా..."

"మెసేజ్ పెట్టారు కదండీ" అన్నాడు సదాశివరావు, గడియారం పెట్టె ముందుకి చాపుతూ.

"ఓ! అవునవును. కరెక్ట్. రండి, రండి." పెట్టె అందుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు.

హాలు నిండా జనం. వైశాలి దూరం నుంచి చూసి భర్త దగ్గరికి వచ్చి, నవ్వు మొహంతోనే, "హూ కాల్డ్ హిమ్?" అంది. గొంతు తగ్గించే అంది. కానీ ముప్ఫై ఆరేళ్ళు ఢిల్లీ ఆఫీసుల్లో పనిచేసినవాడికి తగ్గించిన గొంతే ముందు వినబడుతుంది. అవధాని సంచీ సర్దుకుంటున్నవాడల్లా ఆగి, ఈయన దగ్గరికొచ్చాడు.

"మీరెందుకొచ్చారండీ బాబూ?"

"భోజనానికి" అన్నాడు సదాశివరావు.

అవధాని ఆయన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ చూపించి, ఎండ బావుంది కూచోమన్నాడు. ఎండ నిజంగానే బావుంది. పదిహేడో అంతస్తు నుంచి చూస్తే కింద కార్లూ, కట్టడంలో ఉన్న ఇంకో నాలుగు టవర్లూ, వాటి మీద క్రేన్లూ కనిపిస్తున్నాయి. సదాశివరావు వాటిని లెక్కపెడుతూ, ఎంతసేపటికి లేస్తే మర్యాదగా ఉంటుందా అని ఆలోచించాడు. ఇప్పుడే లేస్తే అలిగినట్టుంటుంది. భోజనం చేసి వెళ్తే దాని కోసమే వచ్చినట్టుంటుంది. తెలివితక్కువ పని చేశాను, ఈ వయసులో పిలవని పేరంటానికొచ్చాను అని బాధేసింది. అప్పుడు ఆకలి కూడా తెలిసింది.

పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. పదిహేనేళ్ళ పొడుగాటి పిల్ల, చేతిలో ఫోను. అనూహ్య.

"అంకుల్, నాన్నమ్మ బులా రహీ హై" అని లోపలికి రమ్మంది.

ఛాయాదేవి లోపలి గదిలో మంచమ్మీద కూచుని ఉంది. వయసు అరవై ఆరో ఏడో ఉంటాయి. పక్కన స్టూలు మీద మూత పెట్టిన గిన్నె. అనూహ్య ఆయన్ని అక్కడ దింపి వెళ్ళిపోయింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆవిడ మొహం పూర్తిగా కనిపించింది. సదాశివరావు ఎటు చూడాలో తెలియక నమస్కారం పెట్టాడు.

"కూచోండి" అంది ఆవిడ కుర్చీ చూపించి. "నేనూ పొద్దుట్నుంచీ ఇక్కడే. మావాడు రమ్మన్నాడు గానీ, నేనే పూజయ్యేదాకా బయటికి రాలేదు. మనిద్దరం ఇవాళ బయటికి కనబడాల్సినవాళ్ళం కాదు. మీరు నాకంటే ధైర్యవంతులు, ఏకంగా గుమ్మంలోంచే వచ్చేశారు."

సదాశివరావుకి నవ్వొచ్చింది. ఆ ఇంటివాళ్ళ దగ్గర ఆయన నవ్వడం అదే మొదలు. "మెసేజ్ వచ్చిందండీ. పొరపాటున వచ్చిందని తెలిసే వచ్చాను" అన్నాడు. ఎందుకో ఆవిడ దగ్గర అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ఆవిడ గిన్నె మూత తీసింది. గారెలు. "బయట క్యాటరింగు వాళ్ళ పనీరూ అదీ ఉంది. నాకు సయించదు. నాకోసం నాలుగు వేసుకున్నాను. తినండి" అంటూ ప్లేటులో మూడు పెట్టి, పక్కన పచ్చడి వేసి ఇచ్చింది. ఆయన తినడం మొదలుపెట్టాడు. ఆవిడ చూస్తూ కూచుంది. ఒక గారె అయింది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి" అంది ఛాయాదేవి. "మా ఆయనకి ముప్ఫై ఏడేళ్ళు వండి పెట్టాను. బావుందని ఒక్క రోజు అన్లేదు మహానుభావుడు. ఉప్పెక్కువైతే మాత్రం వీధి చివరికి వినబడేట్టు చెప్పేవారు. పోయాక ఏటా ఆయన పేరు చెప్పి వండి, తలుపు సందులోంచి మీ మొహమే చూస్తున్నాను. మీరూ అచ్చం ఆయనలాగే తల వంచుకుని తినేసి లేచి వెళ్ళిపోతారు."

"అనకూడదండీ. భోక్త రుచి గురించి మాట్లాడకూడదని శాస్త్రం."

"మీకు శాస్త్రం అడ్డమొచ్చింది. ఆయనకేమొచ్చింది?"

సదాశివరావు చేతిలోని గారె ముక్కని ప్లేటులో పెట్టాడు.

"ఇవాళ తద్దినం కాదుగా" అంది ఆవిడ. "చెప్పండి. ఎలా ఉండేది?"

ఆవిడ అడుగుతున్నది ఎవర్నో సదాశివరావుకి అర్థమైంది. తనని కాదు. తను చెప్పే మాట వేరే మనిషి నోటి నుంచి వినాలని ఎనిమిదేళ్ళుగా తలుపు వెనక నిలబడిన ఆడమనిషి ఆవిడ. అలాగే చెప్పాలనుకున్నాడు. తెలిసిన పనే కదా, ఇంకోసారి ఆయన స్థానంలో కూచుని చెప్తే సరిపోతుంది. నోరు తెరిచేసరికి కళ్ళముందు సరోజిని కనిపించింది. ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో వంటింటి గుమ్మం దగ్గర, చేతిలో గరిటెతో. తను పేపరు చూస్తూ తినేవాడు. ఆవిడ నిలబడేది. ఇంకా వడ్డించడానికి నిలబడిందనుకుని, చాలు చాలు అనేవాడు. ఆవిడ ఇంకొంచెం సేపు నిలబడి లోపలికి వెళ్ళేది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు. ఎందుకు నిలబడేదో ఇప్పటిదాకా తట్టలేదు. అన్ని ఇళ్ళల్లో అందరి మొహాలూ చదివానని విర్రవీగిన మనిషికి ఇది తట్టలేదు.

"బావుండేదండీ" అన్నాడు. "ప్రతి ఏడూ బావుండేది. నల్లేరు పచ్చడి ఇంకెక్కడా అలా ఉండదు. చెప్పకపోవడం మా బుద్ధి తక్కువ."

ఆవిడ 'మా' అన్న మాట పట్టుకుంది. "మీ ఆవిడకి చెప్పారా ఎప్పుడైనా?"

సదాశివరావు తల అడ్డంగా ఊపాడు.

ఛాయాదేవి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టంగా ఉంది, రెండూ కొంచెం కొంచెం ఉన్నట్టున్నాయి. "అందరూ ఒక్కటేనన్నమాట" అంది. తరవాత గిన్నెలో ఉన్న ఆఖరి గారె తీసి ఆయన ప్లేటులో వేసింది. "ఇదీ తినండి అన్నయ్యగారూ."

ఆ పిలుపు నోరు జారి వచ్చేసింది.

సదాశివరావుని ఎవరైనా అలా పిలిచి పదేళ్ళు దాటింది. సరోజిని స్నేహితురాళ్ళు పిలిచేవాళ్ళు, వాళ్ళు ఆవిడతోపాటే రావడం మానేశారు. లోపల ఎక్కడో వెచ్చగా అనిపించింది. ఛాయాదేవి మొహం మాత్రం మారింది.

"అయ్యో" అంది మెల్లిగా. "అన్నయ్యగారూ అన్నాక ఇంక ఆ పీట మీద మిమ్మల్ని ఎలా కూచోబెట్టను?"

అప్పుడే రఘువీర్ తొంగి చూశాడు, ఈయన ఎక్కడికి మాయమయ్యాడో చూడ్డానికి. ఛాయాదేవి కొడుకుని లోపలికి పిలిచింది. "వచ్చే ఏడు వేరే భోక్తని చూడరా. ఈయన మాట్లాడేశారు. ఇంక నాకు ఈయన ఈయనలాగే కనబడతారు, మీ నాన్నలా కనబడరు. ఈయన మన చుట్టం. ఊరికే వచ్చి పోతుంటారు."

"ఓకే అమ్మా" అన్నాడు రఘువీర్. ఏమీ అర్థం కాకపోయినా తల్లి నవ్వుతోంది గనక అతనికి సంతోషంగానే ఉంది. "అంకుల్, మీరు ఎప్పుడైనా రావచ్చు. ఎనీ టైమ్. ఇది మీ ఇల్లే అనుకోండి."

ఎనీ టైమ్ అంటే ఏ టైమూ కాదని సదాశివరావుకి తెలుసు. చిత్తం అన్నాడు. లిఫ్టు దాకా అనూహ్య వచ్చింది. తలుపులు మూసుకుంటుంటే "బై తాతా" అంది. అంకుల్ అనలేదు. ఆ మాటని ఆయన సెంట్రల్ సెక్రటేరియట్ రద్దీలో కూడా పోగొట్టుకోకుండా ఇంటిదాకా తెచ్చుకున్నాడు.

కోరుకున్నది దొరికింది. దాని ఖరీదు మార్గశిరంలో తెలిసింది. బహుళ పంచమి నాడు ఫోన్ మోగలేదు. అవధాని ద్వారకలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ని పట్టుకుని వాళ్ళింటికి పంపాడు. ఊరికే రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. పిలవడానికి ఏదో ఒక కారణం ఉండాలి కదా, బతికున్న మనుషుల్ని. ఛాయాదేవి పిలిచి ఉండేదే, ఆవిడకి నంబర్లు వెతకడం రాదు. కొడుకుని అడిగితే రేపు అంటాడు. సదాశివరావు ఎవర్నీ తప్పు పట్టలేదు. మిగిలిన పదిహేడు ఇళ్ళకీ ఎప్పట్లాగే వెళ్ళి, తల వంచుకుని తిని, సంస్కృతంలో తృప్తి చెప్పి వచ్చాడు. కానీ ఇప్పుడు తింటున్నంతసేపూ వంటింటి తలుపు వైపే చూసేవాడు, అక్కడ ఎవరైనా నిలబడ్డారా అని. చాలా ఇళ్ళల్లో నిలబడి ఉండేవాళ్ళు.

సరోజిని తద్దినం ఫాల్గుణంలో. ఇన్నేళ్ళూ ఆయన వండలేక బియ్యం, పప్పు, కూరలు సంచీలో పోసి అవధాని చేతికిచ్చి, దణ్ణం పెట్టి అయిందనిపించేవాడు. ఈసారి అలా ఇవ్వనన్నాడు. భోక్తని పంపమన్నాడు.

"వంట ఎవరు చేస్తారండీ?" అన్నాడు అవధాని.

"నేనే."

తెల్లవారుజామున నాలుగింటికి లేచి మొదలుపెట్టాడు. మినప్పిండి పలచనైంది, బియ్యప్పిండి కలిపితే గట్టిపడింది. అరటికాయ కూర అడుగంటింది. గారెలు చిల్లులు సరిగ్గా పడక ఒక్కోటి ఒక్కో ఆకారంలో వచ్చాయి. చెయ్యి రెండు చోట్ల కాలింది. పదకొండున్నరకి ద్వారక లెక్చరర్ గారు వచ్చి, కాళ్ళు కడిగించుకుని, సరోజిని స్థానంలో పీట మీద కూచున్నాడు. సదాశివరావు వంగి వంగి వడ్డించాడు. ఆయన తినడం మొదలుపెట్టాడు.

సదాశివరావు గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి. కూచోవచ్చు, కూచోబుద్ధి కాలేదు. లెక్చరర్ గారు ఒక గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మంచినీళ్ళు తాగాడు. రెండో ముక్క తుంచాడు. ఆ మొహంలో ఏదైనా కదులుతుందేమోనని సదాశివరావు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఏమీ కదల్లేదు. ఆయన చాలా నియమంగా తినే మనిషి.

"కూర ఇంకొంచెం వెయ్యనా?" అన్నాడు సదాశివరావు.

లెక్చరర్ గారు తల ఎత్తకుండా, చాలు చాలు అన్నట్టు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

సదాశివరావు ఇంకొంచెం సేపు అలాగే నిలబడ్డాడు. తరవాత వంటింట్లోకి వెళ్ళాడు.